నీ ఎనుక ఉన్నోడెవడు?

బోధన్‌లో మా గల్లీ చివర ఉండే లింబయ్యకు ఒకే ఒక్క అలవాటు. ఎదురుగా మీరు ఒక్కరే నిలబడి ఉన్నా, మీ భుజం మీదుగా వెనక్కి చూసి, "నీ ఎనుక ఉన్నోడెవడు?" అని అడుగుతాడు.

ఎవరూ లేరని మీరంటారు. అన్నాక మెల్లగా వెనక్కి తిరిగి చూస్తారు. చూడకుండా ఉండగలిగిన మనిషిని నేను ఇంతవరకు ఎరగను. గల్లీ ఖాళీగా ఉంటుంది. మంచు ఉంటుంది. ఆ మంచులో ఎవరో ఇప్పుడే పక్కకు తప్పుకున్నట్టు చిన్న కదలిక ఉంటుంది. అంతే.

ఎండాకాలంలో అడగడు. వానల్లోనూ అడగడు. చెరకు బండ్లు రావడం మొదలై, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం నిద్ర లేచి, మంజీర మీది మంచు పాకుకుంటూ ఊళ్ళోకి దిగి, చక్కెర తీశాక మిగిలే మడ్డి వాసనతో కలిసిపోయి, మనుషులు నడుము దాకానే కనబడే రోజులు వచ్చాక అడుగుతాడు. ఆ రోజుల్లో ఆకాశం నుంచి నల్లని నలుసులు రాలుతుంటాయి. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని పాలగిన్నెల మీద, నిద్రపోయే కుక్కల మీద. ఫ్యాక్టరీ బూడిద అని అందరికీ తెలుసు. అయినా చప్పుడు లేకుండా రాలేది ఏదైనా కొంచెం భయంగానే ఉంటుంది.

లింబయ్య ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు గేటు జవాను. డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్ళు చక్కెర ఎక్కడెక్కడ దాస్తారో ఆయనకు తెలిసినంతగా దాచేవాళ్ళకు కూడా తెలియదు. రుమాలు మడతల్లో, టిఫిన్ గిన్నె అడుగున, చెప్పుల్లో. ఒకసారి సైకిలు పంపులోంచి శేరు చక్కెర రాల్చాడట. రిటైరయ్యాక ఖాకీ అంగీ తిరిగి ఇవ్వలేదు. గేటు కావాలి కాబట్టి ఊళ్ళో గేట్లు వెతుక్కున్నాడు. చలికాలంలో ఏ ఇంట్లో పసిపిల్ల పుట్టినా ఆ ఇంటి ముందు లింబయ్య నిలబడతాడు. ఇక్కడ ఆయన పట్టుకునేది చక్కెరను కాదు, సర్దిని. జలుబును మా వైపు సర్ది అంటాం.

"సక్కెర దాసినోని నడక, సర్ది దాసినోని నడక ఒక్కటే" అంటాడు. "ఇద్దరు గుడ ఏం లేనట్టు మస్తు మంచిగ నడుస్తరు."

టపా మనిషి ఖాసిం ఒకరోజు ఉత్తరం తెచ్చాడు.

"ఖాసిం, నీ ఎనుక ఉన్నోడెవడు?"

"అరే లింబన్నా, నా ఎనుక సైకిల్ క్యారియర్ తప్ప ఏం లేదు."

"దాని మీదనే కూసున్నడు."

ఖాసిం నవ్వాడు. నవ్వుతూనే ఎక్కి తొక్కాడు. రైల్వే గేటు దగ్గరి ఎత్తు ఎక్కేసరికి నవ్వు ఆగిపోయిందని తర్వాత తనే చెప్పాడు. పెడలు బరువెక్కిందట, వెనకాల ఒక పెద్దమనిషి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నట్టు. రెండు రోజులకు జ్వరంతో పడకేశాడు. లేచాక ఆయన చేసిన మొదటి పని సైకిలు క్యారియర్ ఊడదీయించడం.

అరవై ఏడు ఎలక్షన్లప్పుడు ఓట్లడగడానికి ఒక పెద్దమనిషి నలభై మందితో గల్లీలోకి వచ్చాడు. లింబయ్య తన ప్రశ్న తాను అడిగాడు. పెద్దమనిషి వెనక్కి తిరిగి, గర్వంగా, "అందరు మనోళ్ళే" అన్నాడు.

"ఈల్లు గాదు సార్. ఈల్ల ఎనుక."

నలభై మందీ ఒక్కసారే వెనక్కి తిరిగారు. చిట్టచివర ఉన్నవాడికి వెనకాల మంచు తప్ప ఎవరూ లేరు. వాడు మాట్లాడకుండా గుంపు మధ్యలోకి దూరాడు. వాడి ముందున్నవాడు చివరివాడయ్యాడు. వాడూ దూరాడు. అలా చివరివాళ్ళందరూ మధ్యలోకి దూరుతూ దూరుతూ గుంపంతా ఒక ముద్దగా మారి మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. మా గల్లీలో ఆ యేడు ప్రచారం అంతటితో సరి.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, ఆ చలికాలం మొదట్లో నాకు నవ్వు లేదు. నా బిడ్డ నెలలు నిండకుండా, ఎనిమిదో నెలలోనే పుట్టింది. నేను టీచరుగా ఉన్న బడికి సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళే తీరిక కూడా ఇవ్వలేదు. పచ్చి పసుపుకొమ్ముల్లాంటి వేళ్ళు. ఏడిస్తే పిల్లి పక్కగదిలో ఏడ్చినట్టుండేది. మంత్రసాని సాలేహా బీ పాపను దూదిలో చుట్టి నా పక్కన పెట్టి, కిటికీలోంచి మంచు వంక చూసింది.

"సూడు బేటీ, పాలు తాగుతుంది. వెచ్చగుంది. ఇగ దీనికి ఒక్కటే భయం. పెద్దోళ్ళకు ముక్కు కారే సర్ది, గిసొంటి పిల్లలకు పానం మీదికొస్తది. డొక్కలెగరేస్తది. ఈ సలికాలం దాటిందంటే నీ బిడ్డ నీకు దక్కినట్టే." కొంగు దోపుకుని లేచింది. "నేను పోయి లింబన్నను పంపుత."

మర్నాడు తెల్లవారేసరికి మా గేటు బయట, మంచులో, ఎర్రటి కన్నొకటి తెరుచుకుని ఉంది. కుంపటి. దాని వెనక ఖాకీ అంగీ.

మా అత్త తారాబాయి చెంబు పట్టుకుని బయటికి వెళ్ళి, చూసి, గుండె పట్టుకుంది.

"ఓరి లింబయ్యా! బాలింత ఇంటి ముంగట పీనుగ లేసే ఇంటి తీర్గ నిప్పులు వెట్టినవేందిరా!"

"పీనుగ లేవద్దనే పెట్టిన అక్కా. పొగ ఇంట్లకు రాకుంట గాలికి ఆ పక్కకు పెట్టిన. నువ్వు గుడ రా. ఊదు."

"ఏంది ఊదేది?"

ఆ పరీక్ష గురించి చెప్పాలి. మా పెరట్లో ఒక బొప్పాయి చెట్టుంది. దాని ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. వచ్చిన మనిషికి లింబయ్య ఒక కాడ విరిచి ఇస్తాడు, కుంపటిలో నిప్పు ఊదమంటాడు. రొమ్ము శుభ్రంగా ఉన్నవాడు ఊదితే నిప్పు రాజుకుంటుంది. లోపల సర్ది దాచుకున్నవాడు ఊదితే దగ్గు బయటపడుతుంది. ఊదాక ఆ కాడ నిప్పులోకే. "ఒకని ఎంగిలి ఒకనికెందుకు" అంటాడు. తర్వాత వేణ్ణీళ్ళ బకెట్. అందరూ అలవాటుగా కాళ్ళ మీద పోసుకోబోతారు. "కాళ్ళతోని ఎత్తుకుంటవా పిల్లను? సేతులు కడుగు."

అత్త ఊదింది. నిప్పు భగ్గుమంది. ఊదితే గాని సొంత ఇంట్లోకి రాలేనందుకు ఆమె కూడా భగ్గుమంది. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసే మా ఆయన దేవిదాస్ పొద్దున పోయేటప్పుడు ఊదలేదు గాని, సాయంత్రం వచ్చేటప్పుడు ఊదాడు. పాలు పోసే మనిషి ఊదాడు. మీటరు చూసే మనిషి ఊదాడు. మా బొప్పాయి చెట్టు రోజురోజుకూ బోడిదైపోయి, పదిహేనో రోజుకు నెత్తి మీద రెండాకులతో మంచులో నిలబడి, అది కూడా లోపలికి రావడానికి వరుసలో ఉన్నట్టు కనబడేది.

నాకు భయమేసిన సంగతులు వేరే ఉన్నాయి. ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. లింబయ్య మాత్రం చెయ్యి చాచి, ఎవరి రొమ్ము మీదో అరచెయ్యి ఆన్చి ఆపినట్టు నిలబడ్డాడు.

"ఆడనే ఉండు" అంటున్నాడు, నెమ్మదిగా, చాలాకాలం నుంచి తెలిసినవాడితో అన్నట్టు. "సెప్పిన గద. లోపటికి రావద్దు. సలైతే నిప్పుకాడ కూసో."

గేటు గొలుసు ఊగుతోంది. గాలి లేదు.

ఇంకొకటి నాకు కోపం తెప్పించేది. ఇన్ని రోజులు నిలబడ్డ మనిషి పాపను ఒక్కసారైనా చూడలేదు. చూస్తాననలేదు. ఎట్లుందని సాలేహాను అడిగేవాడు, అంతే. ఇంటివైపు వీపు పెట్టి నిలబడేవాడు. "గేటు జవాను బయటికే సూడాలె" అనేవాడు. పిల్లలంటే ప్రేమ లేదు, గేటంటే ప్రేమ అనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు తొట్టెల, అంటే పాపను ఊయల తొట్టెలో వేసి పేరు పెట్టే పండగ. ఎంత చెప్పినా మా అత్త మానలేదు. మా వైపు ఆ రోజు మేనత్త వచ్చి పాప చెవిలో పేరు చెప్పాలి. పాపకంటే ముందు ఆ పేరు ఇంకెవరి చెవినా పడకూడదు, తల్లితో సహా. మేనత్త వంగి చెవిలో చెబుతుంటే చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఆమె వీపు మీద గుద్దులు గుద్దుతారు. సరిహద్దు అవతలి మరాఠీ ఆచారం, మా ఇళ్ళలోకి పెళ్ళిళ్ళతో పాటు వచ్చింది.

మా ఆడబిడ్డ రుక్మాబాయి కోటగిరి నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. మంచులోంచి మొదట ఆమె తెచ్చిన ఎర్ర లంగా జాకెట్టు పొట్లం కనబడింది, తర్వాత ఆమె. నడక మరీ మంచిగా ఉంది.

"నీ ఎనుక ఉన్నోడెవడు, రుక్మా?"

"నా ఎనుక నా మొగడు గుడ లేడు. సెరుకు కొట్టిపిస్తుండు. జరుగు కాకా."

"నోట్ల ఏముంది?"

"నాలికె."

"నాలికె కింద?"

రుక్మాబాయి పొట్లాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"నేను సైకిల్ పంపుల సక్కెర దీసినోన్ని. నాలికె కింద?"

"...లవంగం."

"ఎన్ని?"

"మూడు."

"మూడు లవంగాలంటే మూడొద్దుల సర్ది. ఊదు."

ఊదింది. నిప్పు రాజుకోలేదు. దగ్గు వచ్చింది. ఎక్కడో లోతు నుంచి, బావిలోకి బిందె జారి గోడలకు తగులుకుంటూ పడ్డట్టు. లవంగాలు మూడూ ఎగిరి కుంపట్లో పడి చిటపటలాడాయి. మా గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళందరూ అది విన్నారు. లోపల పాపను ఎత్తుకుని ఉన్న నేనూ విన్నాను.

అత్త మాత్రం గేటు మీదికొచ్చింది. "మేనత్త లేని తొట్టెల ఏడన్న ఉంటదా? పేరెవరు సెప్తరు, నువ్వా?"

రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "నా అన్న బిడ్డకు నేను సెడ్డ జేస్తనా కాకా?"

"నువ్వు సెయ్యవు బిడ్డా. నీ ఎనుకున్నోడు గుడ సెడ్డోడేం గాదు" అన్నాడు లింబయ్య. "గదే బాధ."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

ఎంతసేపు వాదించుకున్నారో. గేటు దగ్గర్నుంచి అరిచి చెబుదామంటే గల్లీ అంతా వింటుంది. ఎవరూ వినకూడదు. రాసిద్దామంటే రుక్మాబాయికి అక్షరం రాదు. చివరికి లింబయ్య ఫ్యాక్టరీ వైపు చూశాడు.

"పన్నెండింటికి సైరన్ అయితది" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. నేను పాపను పట్టుకుని ఇంటి గుమ్మం లోపల నిలబడ్డాను. రుక్మాబాయి ముప్పై అడుగుల దూరంలో, గేటు బయట. ఆమె వెనక, దగ్గుకు ఎదురుపడకుండా, నలుగురు ముత్తయిదువలు చేతులెత్తి సిద్ధంగా. అందరూ ఎదురుచూస్తున్నారు. నల్లని నలుసులు రాలుతున్నాయి.

సైరన్ కూసింది.

ఆ కూత మా ఊళ్ళో చెవులతో వినేది కాదు, ఎముకలతో వినేది. కుక్కలు మోరలెత్తాయి. ఆ హోరులో రుక్మాబాయి నోరు పెద్దగా తెరుచుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. ముత్తయిదువల చేతులు ఆమె వీపు మీద లేచి పడుతున్నాయి. ఏ చప్పుడూ లేదు. మంచులో ఒక తెరిచిన నోరు, నాలుగు జతల చేతులు, ఒక ఎర్రటి కుంపటి. ఎక్కడి లోకం నుంచో ఎవరో నా బిడ్డను పిలుస్తున్నట్టుంది. నాకు ఒక్క అక్షరం వినబడలేదు. కాని నా చేతుల్లో పాప తల, పావురం పిల్ల తలంత తల, గేటు వైపు తిరిగింది.

సైరన్ ఆగింది.

"విన్నది! విన్నది!" అని అత్త చప్పట్లు కొట్టింది. "ఇగ సెప్పే రుక్మా, పేరేంది?"

రుక్మాబాయి నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ గాలే. సర్ది పట్టిన గొంతుతో సైరన్ మీద పోటీకి పోయిందేమో, గొంతు పూర్తిగా పోయింది.

అలా మా పాప పేరు అయిదు రోజుల పాటు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు చెప్పలేరు, ఒకరికి మాటలు రావు.

సాయంత్రానికి రుక్మాబాయి ఒళ్ళు కాలిపోయింది. లింబయ్య తన ఇల్లు ఆమెకిచ్చి, సాలేహాను తోడు పెట్టి, తాను మా గేటు దగ్గరే ఒక గొంగడితో కాపురం పెట్టాడు. పొద్దునా సాయంత్రం గంజి కాచి తన గడప మీద పెట్టి, తన తలుపు తానే తట్టి, పది అడుగులు వెనక్కి వచ్చేవాడు. అదే వారం పక్క గల్లీలో, "నీ నిప్పులు మాకద్దు పో" అని లింబయ్యను వెళ్ళగొట్టిన ఇంట్లో, మూడు నెలల పిల్లవాడికి డొక్కలెగరేశాయి. చెరకు లారీలో నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. పన్నెండు రోజులకు తిరిగొచ్చాడు, కళ్ళు మాత్రమే మిగిలిన మొహంతో. ఆ ఇంటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కుంపటికి బొగ్గులు ఇచ్చిపోయారు. మా అత్త ఆ రోజు నుంచి చెప్పకుండానే ఊదడం మొదలుపెట్టింది.

ఆరో రోజున రుక్మాబాయి గేటు దగ్గరికొచ్చి, బొంగురు గొంతుతో పేరు చెప్పింది. గంగామణి. తర్వాత కిటికీకి ఎదురుగా, దూరంగా వచ్చి నిలబడింది.

"వదినె, కాకా ఇంట్ల తొట్టె ఉన్నది" అంది. "ఖాళీ తొట్టె. దుమ్ము లేదు దాని మీద. రోజు తుడుస్తడట. సాలేహమ్మ సెప్పింది."

ఆ సాయంత్రం పొద్దుగుంకే వేళ నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. లింబయ్య వీపు కనబడుతోంది.

"కాకా, నీకు గనవడేటోడు... ఎట్లుంటడు?"

చెరకు బండి ఒకటి కిర్రుమంటూ మంచులో పోయింది. బండి కనబడలేదు, చప్పుడే పోయింది.

"ఖాకీ అంగి" అన్నాడు. "మెడకు నల్ల మఫ్లర్. ముప్పై దాటి రెండేండ్లు ఉంటయేమో. డ్యూటీ దిగి బిరబిర ఇంటికొస్తుంటడు. జేబుల కాయితం పొట్లంల సిటికెడు సక్కెర. ఊరందరి జేబులు దులిపినోడు, తన జేబు తాను దులపలే. బిడ్డ మూతికి రాద్దామని. కొద్దిగ సర్ది, గంతే. ముక్కు కారుడే. దానికెవలు భయపడ్తరు? పోంగనే బిడ్డనెత్తుకుని ముద్దు వెట్టుకుంటడు." ఒక చితుకు నిప్పులో వేశాడు. "మంచోడే, టీచరమ్మా. పానం లెక్క ప్రేమ. గందుకే ఆపుడు కష్టం."

"పేరేంది?"

"లింబయ్య."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసిన అవసరం లేకపోవడం ఆ చలికాలంలో నాకదే మొదటిసారి.

"గందుకేనా పాపను సూడవు?"

"నా ఎనుక గుడ ఉన్నడు గద" అన్నాడు. "నాకు పాస్ లేదు."

మార్చి చివర్లో ఆఖరి చెరకు బండి వెళ్ళిపోయింది. పొగగొట్టం నిద్రపోయింది. మంచు ఎటుపోయిందో ఎవరూ చూడలేదు. గంగామణికి బుగ్గలొచ్చాయి, మోచేతుల దగ్గర మడతలొచ్చాయి. మా బొప్పాయి చెట్టుకు కొత్త ఆకులొచ్చాయి. అందులోంచి ఒకటి కోసి, కాడ విరిచి, కుంపటి నేనే అంటించి, పాపను సాలేహా చేతికిచ్చి లింబయ్య ముందు నిలబడ్డాను.

"ఊదు కాకా."

ఒకడుగు వెనక్కి వేశాడు. "నేనెందుకు?"

"పాస్ గావాలంటే ఊదాలె. గేటు నాది."

ఊదాడు. నిప్పు భగ్గుమంది. దగ్గు లేదు. బకెట్ చూపించాను. చేతులు మోచేతుల దాకా కడిగాడు, మళ్ళీ కడిగాడు, మూడోసారి కడగబోతుంటే సాలేహా, "బస్ లింబన్నా, తోలూసిపోతది" అని పాపను ఆయన చేతుల్లో పెట్టింది.

ఖాకీ అంగీ మీద పాప కాసేపు ఆయన మీసాన్ని తనిఖీ చేసింది. తర్వాత ఆయన మొహం మీదనే గట్టిగా తుమ్మింది. లింబయ్య కదల్లేదు. తన భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూశాడు. చూసి కొంచెం పక్కకు జరిగాడు, వెనకాల ఎవరో పాపను తొంగి చూడడానికి చోటిచ్చినట్టు.

మూడో రోజుకు లింబయ్యకు సర్ది పట్టింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిది అంటారు. తలుపేసుకుని, "ఎవలు రాకుండ్రి!" అని లోపల్నుంచి గల్లీ అంతటికీ ఆజ్ఞలు. సంగతి తెలిసి కోటగిరి నుంచి రుక్మాబాయి మిరియాల కషాయం పట్టుకుని వచ్చింది. గడప మీద పెట్టి, తలుపు తట్టి, లెక్కగా పది అడుగులు వెనక్కి నడిచి, గొంతు పెంచింది.

"కాకా! నీ ఎనుక ఉన్నోడెవడు?"

లోపల్నుంచి పెద్ద తుమ్ము. దాని వెనకే జవాబు.

"ఎవడు గాదు. నీ మేనకోడలు!"